దిగులు తగ్గించే చిన్న చిన్న సంతోషాలు

(వార్డుల్లో ఉన్న రోగుల బంధువుల కోసం వెయిటింగ్ హాలులో ఇచ్చిన ప్రసంగం)



మామూలుగా ఈ గంటలో మిమ్మల్ని కూర్చోబెట్టి చక్కెర జబ్బు గురించో, చేతులు కడుక్కునే పద్ధతి గురించో, టి.బి. మందులు మధ్యలో మానకూడదనో చెబుతూ ఉంటాము. ఈరోజు రోగి సంగతి పక్కన పెట్టి మీ గురించి మాట్లాడాలని వచ్చాను. రోగికి ఒక మంచం ఉంది, కేస్ షీటు ఉంది, పూటపూటా బి.పి. చూసే నర్సు ఉంది. మీకున్నది ఈ బెంచీ ఒక్కటే. మీ బి.పి. ఎవరూ చూడరు.

ఇరవై ఏళ్ళకు పైగా వార్డుల్లో తిరుగుతున్నాను. ఈ హాలులో గమనించిన విషయం ఒకటి చెబుతాను. లోపల మంచం మీద ఉన్న మనిషి గురించి మీకు దిగులు ఉండటం సహజమే. ఆ దిగులు మీద ఇంకో దిగులు వచ్చి కూర్చుంటోంది. అది లోకం గురించిన దిగులు. గోడ మీద టీవీలో ఒకచోట యుద్ధం, ఇంకోచోట వరద, కింద పరుగెత్తే పట్టీలో బంగారం ధర. టీవీ ఆపితే చేతిలో ఫోను ఉండనే ఉంది. ఒకాయన అర్ధరాత్రి రెండు గంటలకు నర్సుల బల్ల దగ్గరకు వచ్చి, "కొత్త వైరస్ ఏదో వచ్చిందంట సిస్టర్, నిజమేనా?" అని అడిగారు. ఆయన తండ్రికి హెర్నియా ఆపరేషన్ చక్కగా జరిగింది, తెల్లవారితే డిశ్చార్జి. అయినా ఆయనకు కన్ను మూతపడలేదు.

ఇది పిచ్చి భయం అని నేను అనను. మనలో చాలామందికి లోకం దూరంగా లేదు. కొడుకు దుబాయ్‌లోనో కువైట్‌లోనో ఉంటాడు, కూతురు అమెరికాలో ఉంటుంది. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్‌లో యుద్ధం మొదలైనప్పుడు మన తెలుగు పిల్లలు ఎంతోమంది అక్కడ డాక్టరు చదువులో ఉన్నారు. వాళ్ళు తిరిగి వచ్చేదాకా ఇక్కడి అమ్మానాన్నలు అన్నం ముద్ద ఎలా మింగారో వాళ్ళకే తెలుసు. 2020లో, 2021లో కరోనా మన వీధిలోకే వచ్చింది. 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్ళు విజయవాడలో ఇళ్ళలోకే వచ్చాయి. కాబట్టి "లోకం గొడవ నీకెందుకు" అని చెప్పడం తేలికే గాని, ఆ మాటతో ఎవరి దిగులూ తగ్గగా నేను చూడలేదు.

భయపడినప్పుడు ఒంట్లో ఏమి జరుగుతుందో ముందు చూద్దాం. మూత్రపిండాల మీద టోపీల్లాగా రెండు చిన్న గ్రంథులు ఉంటాయి. వాటిని అడ్రినల్ గ్రంథులు అంటారు. పొలం గట్టు మీద పాము కనబడిందనుకోండి. మెదడు కబురు పంపగానే ఈ గ్రంథులు అడ్రినలిన్ అనే హార్మోనును రక్తంలోకి వదులుతాయి. వెంటనే గుండె వేగం పెరుగుతుంది, బి.పి. పెరుగుతుంది, కండరాలు బిగుసుకుంటాయి, నోరు ఎండిపోతుంది, అరుగుదల మందగిస్తుంది. ప్రాణం దక్కించుకొని పరుగెత్తడానికి ఇదంతా కావలసినదే. పాము వెళ్ళిపోయాక కాసేపటికి ఒళ్ళు మామూలు స్థితికి వస్తుంది. చీకట్లో తాడును చూసి పాము అనుకున్నా శరీరం ఇదే పని చేస్తుంది, నిజంగా అక్కడ ఏముందో దానికి తెలియదు. టీవీలో కనబడే పాముతో చిక్కు ఏమిటంటే, అది పొదలోకి వెళ్ళిపోదు. పది నిమిషాలకోసారి మళ్ళీ పడగ విప్పుతుంది. ఒళ్ళు మామూలు స్థితికి వచ్చే వ్యవధి ఉండదు. ఆకలి చచ్చిపోవడం, మెడ పట్టేయడం, నడుం వాల్చినా నిద్ర రాకపోవడం, చిన్న మాటకే ఆయా మీద కేకలు వేయడం, వీటిలో చాలావరకు ఆ కోవలోవే.

2013 ఏప్రిల్‌లో అమెరికాలోని బోస్టన్ నగరంలో మారథాన్ పరుగు జరుగుతుండగా బాంబులు పేలాయి. తర్వాత పరిశోధకులు కొన్ని వేలమందిని విచారించారు. పేలుడు జరిగిన వారంలో రోజుకు 6 గంటలు, అంతకు మించి ఆ వార్తలే చూస్తూ కూర్చున్నవారిలో తీవ్రమైన ఒత్తిడి లక్షణాలు కనిపించాయి. పేలుడు జరిగిన చోట ఉన్నవారిలో కంటే కూడా వీరిలో ఎక్కువగా కనిపించాయట. చదివినప్పుడు నాకు పెద్దగా ఆశ్చర్యం అనిపించలేదు. రోజూ ఈ హాలును చూస్తున్నాను కదా!

అందుచేత వార్తలకు ఒక పూట, ఒక హద్దు పెట్టుకోమని కోరుతున్నాను. పొద్దున ఒక పావుగంట, సాయంత్రం ఒక పావుగంట చాలు. ఈ మధ్యలో నిజంగా తెలియవలసిన సంగతి ఏదైనా ఉంటే ఎలాగూ మీ చెవిన పడుతుంది. దుబాయ్‌లో కొడుకు క్షేమం తెలియాలంటే కొడుక్కే ఫోను చేయండి, టీవీని అడగకండి. రాత్రి పడుకునే ముందు గంటసేపు ఫోనును సంచిలో పెట్టేయండి. అయితే ఇది సగం పని మాత్రమే. ఖాళీ చేసిన చోట ఏదో ఒకటి పెట్టకపోతే దిగులే తిరిగి వచ్చి అక్కడ చాప పరుచుకుంటుంది. అక్కడ పెట్టవలసినవి చిన్న చిన్న సంతోషాలు.

ఈ మాట అనగానే కొందరి ముఖాలు మారుతున్నాయి. "లోపల మా ఆయన అలా పడి ఉంటే నేను సంతోషపడాలా సిస్టరమ్మా?" అని నన్ను సూటిగా అడిగినవారు ఉన్నారు. ఆ అడగడంలో ఉన్న బాధ నాకు అర్థమవుతుంది. దానికి నా జవాబు ఒక సంగతి రూపంలో చెబుతాను.

కొన్నేళ్ళ క్రితం మా మగవారి వార్డులో పక్షవాతంతో ఒక పెద్దాయన చేరారు. కుడిచేయి, కుడికాలు పడిపోయాయి, మాట పోయింది. భార్య పక్కనే ఉండేది. చేరిన రోజు కట్టుకున్న చీర, జారిన ముడి, అలాగే ఉండిపోయింది. టీ ఇస్తే వద్దనేది. ఏడెనిమిది రోజుల తర్వాత ఒక సాయంత్రం నేను ఆయనను పక్కకు తిప్పుతుంటే ఎడమచేత్తో భార్య తల వైపు పదే పదే చూపిస్తున్నారు. తలనొప్పి అంటున్నారా, దిండు సరిచేయమంటున్నారా అని మేమిద్దరం తికమక పడ్డాము. చివరికి ఆవిడకే తట్టింది. పూలు! పెళ్ళయినప్పటి నుంచీ వేసవిలో రోజూ ఆయనే సాయంత్రం మల్లెపూలు తెచ్చి ఇచ్చేవారట. ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నేను బలవంతం చేసి పంపితే ఆవిడ తల దువ్వుకొని, గేటు దగ్గర అమ్మే అమ్మాయి దగ్గర రెండు మూరలు కొని పెట్టుకొని వచ్చింది. ఆయన ముఖంలో కదిలే సగంతో నవ్వారు. ఆ తర్వాత ఏదో అద్భుతం జరిగిందని నేను చెప్పను. ఫిజియోథెరపీ చాలా వారాలు పట్టింది, మాట పూర్తిగా రాలేదు. కానీ ఆ రోజు నుంచి ఆవిడ వేళకు అన్నం తిన్నది, ఆయనతో గొంతు పెంచి మాట్లాడింది, వ్యాయామాలు చేయించేటప్పుడు కసిరింది కూడా.

రోగి కళ్ళు తెరవగానే ముందు చూసేది మానిటరును కాదమ్మా, మీ ముఖాన్ని. డాక్టరుగారు ఏమి చెప్పారో మీ ముఖంలో వెతుక్కుంటాడు. మీరు తిన్నారా, పడుకున్నారా అని మాట రానివాళ్ళు కూడా కనిపెడతారు. కాబట్టి మీరు అరగంట హాయిగా ఉండటం వల్ల ఆయన దగ్గర నుంచి ఏదో దొంగిలించినట్టు అనుకోకండి.

ఇక టీ సంగతి. మీలో చాలామంది రోజుకు ఆరేడు టీలు తాగుతున్నారు, ఒక్కటి కూడా రుచి చూడటం లేదు. ఒక చేతిలో గ్లాసు, ఇంకో చేతిలో ఫోను. అలా కాకుండా ఒక్క టీ కూర్చుని తాగండి. గ్లాసును రెండు చేతులతో పట్టుకోండి, వేడి అరచేతులకు తెలియనివ్వండి. అల్లం వేశాడా, యాలకులు వేశాడా చూడండి. నిదానంగా ఊదుకుంటూ తాగండి. ఊదుకోవడంలో ఒక విశేషం ఉంది. మనం ఊపిరి తీసుకునేటప్పుడు గుండె కొంచెం వేగంగా, వదిలేటప్పుడు కొంచెం నెమ్మదిగా కొట్టుకుంటుంది. మెదడు నుంచి గుండెకు వచ్చే వేగస్ అనే నాడి ఆ పని చేస్తుంది. ఊపిరి పొడుగ్గా, నెమ్మదిగా వదిలినకొద్దీ ఒళ్ళు నెమ్మదిస్తుంది. ప్రాణాయామం నేర్చుకున్నవారికి ఇది తెలిసినదే. నేర్చుకోనివారు వేడి టీ ఊదుకున్నా, పాట కూనిరాగం తీసినా, పసిబిడ్డకు జోల పాడినా తెలియకుండానే ఊపిరి పొడుగ్గా వదులుతున్నారు. పిల్లల వార్డులో జోలపాట పాడే అమ్మమ్మలు బిడ్డ కంటే ముందు తామే కునికిపాట్లు పడటం మీరూ చూసే ఉంటారు.

నర్సును కాబట్టి ఒక హెచ్చరిక కూడా చెప్పక తప్పదు. టీలోని కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికే సుమారు 5 గంటలు పడుతుంది. నిద్ర పట్టడం లేదనేవారు సాయంత్రం ఐదు దాటాక టీ మానండి, వేడి పాలు తాగండి. షుగరు ఉన్నవారు చక్కెర లేకుండా తాగాలి. అది సంతోషం ఎలా అవుతుందని అడగకండి, నెల రోజుల్లో అలవాటవుతుంది.

చేతులకు పని ఇచ్చే సంతోషాలు ఇంకా మంచివని నా అభిప్రాయం. మనవడికి డెంగీ జ్వరం వచ్చి, ప్లేట్‌లెట్లు తగ్గిపోయి, ఒక అమ్మ కోనసీమ వైపు నుంచి వచ్చింది. రెండు రోజులు గేటు దాకా, వార్డు దాకా తిరుగుతూనే ఉంది. మూడో రోజు తెల్లవారుజామున చూస్తే, బంధువులు పడుకునే షెడ్డు ముందు సిమెంటు మీద సుద్దముక్కతో ముగ్గు! 15 చుక్కలు, సందు చుక్కలతో 8 దాకా, ఒక్క గీత తప్పలేదు. స్వీపరమ్మ కూడా దాన్ని తొక్కకుండా పక్కనుంచి ఊడ్చింది. "చుక్కలు లెక్కపెట్టేటప్పుడు ఇంకేదీ గుర్తుకు రాదు తల్లీ" అని ఆవిడ నాతో అన్నది. చుక్క తప్పితే ముగ్గు కలవదు కదా, మనసు అక్కడే ఉండి తీరాలి. క్రోషా అల్లేవారు, పూలు కట్టేవారు, పేపర్లో గళ్ళ నుడికట్టు పూరించేవారు కూడా ఇదే చెబుతారు. మగవాళ్ళు ఇలాంటివి తక్కువ ఎంచుకుంటారు, బీడీ వెంట పోతారు. కానీ ఒక రాత్రి వరండాలో నలుగురు బంధువులు బొగ్గుతో గళ్ళు గీసి, గులకరాళ్ళు పెట్టి పులి-మేక ఆడటం చూశాను. ఎవరి ఊరు వారిది, ఎవరి రోగి వారికి. మేకలన్నీ పోయాయని ఒక తాతగారు మొత్తుకుంటుంటే వార్డులోకి వినబడుతోందని నేనే వెళ్ళి నెమ్మదిగా ఆడుకోమని చెప్పాను. ఆపమని మాత్రం చెప్పలేదు.

తిండి విషయంలో ఎక్కువ చెప్పను. రోగికి తెచ్చిన క్యారియర్‌లో మిగిలింది తిని సరిపెట్టుకోకండి. మీకంటూ ఒక పూట అయినా ఇష్టమైనది తినండి. వేడి ఇడ్లీ మీద కారప్పొడి, నెయ్యి కావచ్చు, చల్లని పెరుగన్నంలో ఆవకాయ ముక్క కావచ్చు. మీకు బి.పి. ఉంటే ముక్క చిన్నదిగా చూసుకోండి. స్నానం చేసి ఉతికిన బట్టలు కట్టుకోవడం కూడా సంతోషమే. షెడ్డు వెనుక స్నానాల గదులు పొద్దున రద్దీగా ఉంటాయి, మధ్యాహ్నం ఖాళీగా ఉంటాయి.

ఫ్లారెన్స్ నైటింగేల్ పేరు మీరు వినే ఉంటారు. మా నర్సులందరికీ ఆమె గురువు వంటివారు. 1859లో ఆమె రోగుల సంరక్షణ మీద ఒక చిన్న పుస్తకం వేశారు. అందులో ఒక అధ్యాయం పూర్తిగా మార్పు గురించే. అవే గోడలు, అదే కప్పు చూస్తూ పడుకున్నవారి మనసు ఎంత నలిగిపోతుందో, జ్వరంతో ఉన్నవారికి రంగురంగుల పూలగుత్తి ఒకటి ఎంత ఆనందం ఇస్తుందో రాశారు. రంగు, వెలుతురు మనసు మీదనే కాదు, శరీరం మీద కూడా పనిచేస్తాయని ఆమె గట్టిగా నమ్మారు. ఆ తర్వాత 1984లో రోజర్ ఉల్‌రిచ్ అనే పరిశోధకుడు అమెరికాలోని ఒక ఆసుపత్రి రికార్డులు తీసి చూశారు. పిత్తాశయం ఆపరేషన్ అయినవారిలో కొందరి కిటికీ నుంచి చెట్లు కనబడేవి, కొందరికి ఇటుక గోడ కనబడేది. చెట్లు కనబడినవారు సుమారు ముప్పావు రోజు ముందే ఇంటికి వెళ్ళారు, గట్టి నొప్పి మందులు తక్కువ వాడారు. నర్సులు రాసిన నోట్సులో "ఏడుస్తున్నారు, ధైర్యం చెప్పవలసి వచ్చింది" లాంటి మాటలు కూడా వీరి విషయంలో తక్కువగా ఉన్నాయి. మన ఆవరణలో వేపచెట్టు ఉంది, కింద అరుగు ఉంది. అక్కడ కూర్చుంటే ఫీజు లేదు. పొద్దున ఎండలో పదిహేను నిమిషాలు కూర్చుంటే రాత్రి నిద్రకు కూడా మంచిది, ఎందుకంటే ఒంట్లోని గడియారం పొద్దుటి వెలుతురును బట్టే సరిచూసుకుంటుంది. లోపల రోగికి కిటికీ వైపు మంచం దొరికితే కర్టెన్ తీసి ఉంచండి. పూలు మాత్రం ఐ.సి.యు.లోకి తేకండి. ఆయాసం ఉన్నవారి దగ్గర, క్యాన్సరు మందులతో వాంతులవుతున్నవారి దగ్గర వాసన గల పూలు వద్దు.

పాటల సంగతి కూడా చెప్పాలి. వివిధ భారతి 1957లో మొదలైంది. మా ఇంట్లో అమ్మ వంట అంతా ఆ పాటల మీదే నడిచేది. ఇప్పుడు అవన్నీ ఫోనులోనే దొరుకుతున్నాయి. వార్తలు వచ్చే ఫోనులోనే పాటలూ వస్తాయి, ఏది నొక్కాలన్నది మన వేలి మీద ఉంది. ఇయర్ ఫోన్ పెట్టుకొని వినండి, పక్క మంచం ఆవిడ నిద్రపోతూ ఉంటుంది.

ఇవన్నీ పుస్తకాల్లో చదివి చెబుతున్నానని మీకు అనిపించవచ్చు. 2021 మే నెలలో నేను కోవిడ్ వార్డులో ఉన్నాను. కిట్టు వేసుకుంటే ఆరు గంటలు నీళ్ళు తాగడానికి లేదు, చెమట పాదాల్లోకి కారేది. ఆక్సిజన్ సిలిండర్ల లెక్క చూసుకోవడంలోనే పొద్దు గడిచేది. కొన్ని రోజులు ఎవరి పేరు కొట్టివేయవలసి వస్తుందోనని రిజిస్టరు తెరవడానికే చేతులు వణికేవి. డ్యూటీ దిగి, కిట్టు తీసి, స్నానం చేసి, మేడ మీదకు వెళ్ళి ఒక గ్లాసు కుండనీళ్ళలో నిమ్మకాయ పిండుకొని, చిటికెడు ఉప్పు వేసుకొని తాగేదాన్ని. ఆ గ్లాసు కోసం రెండు గంటల ముందు నుంచే ఎదురుచూసేదాన్ని. నాతో పనిచేసిన ఒక అమ్మాయి రోజూ గోళ్ళు శుభ్రం చేసుకొని కాటుక పెట్టుకునేది. కిట్టులో ఎవరు చూస్తారే అంటే, "నేను చూసుకుంటాను అక్కా" అనేది. ఆ నెలలో సెలవు పెట్టకుండా చివరిదాకా నిలబడినవారిలో ఆ అమ్మాయి ఒకరు.

మందు తాగడం, గుట్కా నమలడం, మెడికల్ షాపులో అడిగి నిద్రమాత్ర కొనుక్కోవడం ఈ చిన్న సంతోషాల లెక్కలోకి రావు. ఎందుకో మీకు తెలుసు, నేను విప్పి చెప్పనక్కరలేదు.

ఒకటి మాత్రం జాగ్రత్తగా వినండి. అన్నిటికీ టీ, పూలు సరిపోవు. ఛాతీలో నొప్పి, చెయ్యి లాగడం, చెమటలతో ఊపిరి ఆడకపోవడం వస్తే "కంగారు వల్లే" అని కూర్చోకండి, వెంటనే క్యాజువాలిటీకి రండి. రెండు వారాలు దాటినా దిగులు తగ్గకపోయినా, దేని మీదా ఇష్టం పుట్టకపోయినా, తిండీ నిద్రా పోయినా, బతకడం ఎందుకు అనే ఆలోచన ఒక్కసారి వచ్చినా మాతో చెప్పండి. అది జబ్బు, దానికి వైద్యం ఉంది. ఇష్టమైన చిన్న పనులను రోజులో కొద్దికొద్దిగా తిరిగి పెట్టించడం ఆ వైద్యంలో కూడా ఒక భాగమే, అయితే పక్కన తెలిసినవారు ఉండి చేయించాలి. ముఖాముఖి చెప్పడానికి మొహమాటపడేవారు 14416కు ఫోను చేయవచ్చు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలి మానస్ అనే సేవ అది. డబ్బు ఖర్చు కాదు, రాత్రింబవళ్ళు పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. నంబరు ఇప్పుడే ఫోనులో రాసుకోండి. రాయడం రానివారికి పక్కవారు రాసి పెట్టండి.

జనరల్ వార్డు తలుపులు ఐదు గంటలకు తెరుస్తారు, ఇంకా అరగంట ఉంది. గేటు దగ్గర టీ బండి వచ్చే ఉంటుంది. వెళ్ళేవారు వెళ్ళి రండి, వేపచెట్టు కింద అరుగు మీద చోటు ఉంది. కిటికీ పక్క బెంచీ మీద ఉన్న పెద్దాయన మోకాళ్ళ నొప్పులతో లేవలేరు, ఎవరైనా వస్తూ వస్తూ ఆయనకు కూడా ఒకటి పట్టుకురండి. ఆయనకు చక్కెర వద్దు.